సున్నాలు

లెక్కల మాస్టారిని నేను.
షిరే నది పల్లంలో, రేకుల కప్పు కింద
ఏడో తరగతి హాజరు పట్టీ
పదకొండేళ్లుగా నా చేతిలోనే ఉంది.
వచ్చినవాళ్లకు గీత,
రానివాళ్లకు సున్నా.

ఎనిఫా పేరు పక్కన
నెలనెలా నాలుగు సున్నాలు,
దండకు గుచ్చినట్టు.
లిఫినెటి పేరు పక్కన ఐదు.
టియామికేకి ఓ నెల మూడు, ఓ నెల వారమంతా.
కారణం గడిలో నా దస్తూరీయే:
మలేరియా. మలేరియా. మేనత్త చావు. మలేరియా.
ఒకే మేనత్త ఒక్క ఏడాదిలో మూడుసార్లు పోయినా
నాకు అనుమానం రాలేదు.

భిన్నాలు చెప్పగలను, త్రైరాశికం చెప్పగలను.
ఇరవై ఎనిమిది రోజులకోసారి తిరిగొచ్చే ఆ లెక్క
కళ్లముందే ఉండి
నాకు తెగలేదు.

చెప్పింది ఫాలెసి.
బడిలో జావ కాచే మనిషి.
నీళ్లు లేక గరిటెను బూడిదతో తోముతూ
తలెత్తకుండానే అడిగింది:
"మాస్టారూ, ఆడపిల్లల దొడ్డికి తలుపుందా?"
లేదన్నాను.
"బోరింగు ఆడుతోందా?"
పాడై రెండేళ్లయిందన్నాను.
"మరి గుడ్డ ఎక్కడ మార్చుకుంటారు?
ఎక్కడ ఉతుక్కుంటారు, మొసళ్ల రేవులోనా?"
గరిటె బోర్లించి వెళ్లిపోయింది.
అడుగంటిన జావ వాసన
సాయంత్రం దాకా నా చొక్కాని వదల్లేదు.

ఆ రాత్రి లాంతరు దగ్గర
పాత పట్టీలన్నీ ముందేసుకుని కూర్చున్నాను.
ఒక్క తరగతి, ఒక్క ఏడాది:
ఐదు వందల నలభై ఒకటి.
రెండోసారి కూడా అంతే వచ్చింది.

మెకానిక్ సాండ్రామ్ సైకిలు మీద వచ్చాడు.
గొట్టాలు, కడ్డీలు ఒక్కొక్కటే పైకి లాగి
వరసగా గడ్డి మీద పరిచి,
చివర్న అరచేతిలో పెట్టి చూపించాడు.
చిన్నపిల్ల గాజంత రబ్బరు ఉంగరం.
అరిగి, ఒకచోట తెగి.
"దీనికా రెండేళ్లు?" అన్నాను.
దాని ధర రెండు కోళ్లు.
సాండ్రామ్ నవ్వబోయి
నా మొహం చూసి ఆగాడు.

ముందు తుప్పు నీళ్లు వచ్చాయి,
తర్వాత మామూలు నీళ్లు.
మగపిల్లలు కేకలేస్తూ తడిసిపోయారు.
ఆడపిల్లలు దూరంగా నిలబడి
తలుపు ఎప్పుడు పెడతారని అడిగారు.

తలుపుకి గడియ ఎంత ఎత్తున ఉండాలో
ఊరి పెద్దలం మూడు గంటలు మాట్లాడుకున్నాం.
ఫాలెసి లోపలికెళ్లి గొంతుక్కూర్చుని
చెయ్యి చాచి గోడ మీద మసిగీత గీసింది.
"ఇక్కడికి అందుతుంది" అంది.
సభ ముగిసింది.

పాత చిటెంజెలు చింపి, లోపల తువ్వాలు పొరలు పెట్టి
కుట్టుమిషను టకటకలాడిస్తోంది.
ఇంట్లో పరుపు కింద దాగి ఆరని గుడ్డలు
బడి వెనక తాడు మీద ఎండలో ఆరుతున్నాయి.
"అవేంటి సార్?" అన్నాడొక కుర్రాడు.
నా చెవులు కాలాయి. "గుడ్డలు" అన్నాను.
లిఫినెటి లేచింది.
"నెలసరి గుడ్డలు" అంది,
తొమ్మిదో ఎక్కం అప్పజెప్పినట్టు,
అప్పజెప్పి కూర్చుంది.

ఈ ఏడు పట్టీలో గీతలే ఎక్కువ.
అయినా అన్నీ కావు.
వరదకు దారి మునిగిన వారం ఉంది.
నిజం మలేరియా కూడా ఉంది.
ఎనిఫా ఉంది.
బోరింగు బాగయ్యేసరికి ఆమె
చెరుకు నరికేవాడి వెంట సరిహద్దు దాటి పోయింది.
ఆమెకు మేం ఒక పరీక్షల కాలం ఆలస్యం.

తెగిన ఉంగరం నా సుద్దముక్కల డబ్బాలో ఉంది.
వృత్తం పాఠానికి బయటికి తీస్తాను.
పలక మీద పెట్టి చుట్టూ గీయమంటాను.
తెగినచోట గీత ఆగిపోతుంది.
"సార్, ఇది కలవట్లేదు" అంటారు పిల్లలు.
కలవక్కర్లేదు,
కూర్చోండి అంటాను.